వలస అనే ఒక్క మాట మనిషికీ, తాబేలుకీ, కణానికీ సరిపోతుందా?

గౌరి_బరంపురం
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పట్టు నేసే దేవాంగుల ఇల్లు. కణాల కదలిక మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సెలవులకి ఇంటికొస్తే మా పేట గ్రంథాలయంవాళ్లు "అమ్మాయ్, నువ్వు చేసే పనేంటో మాకు అర్థమయ్యేలా తెలుగులో ఒక గంట చెప్పు" అన్నారు. ఒప్పుకున్నాను. విషయం "వలస" అని పెట్టాను. ఇప్పుడు బెంగ పట్టుకుంది, అందుకే మీ ముందు పెడుతున్నాను.

నేను రోజూ చేసేది ఇది. గాజు పళ్లెంలో కణాలు పెంచుతాం. అవి చాపలా పరుచుకున్నాక పిపెట్ (ద్రవం తీసే సన్న గొట్టం) మొనతో మధ్యలో ఒక గీత గీస్తాం. గీత పడిన మేరా ఖాళీ అవుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి కొన్ని నిమిషాలకోసారి ఫొటో తీస్తాం. అంచున ఉన్న కణం ముందుకి పల్చటి రేకు చాపుతుంది. లోపల యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులు పెరుగుతూ ఆ రేకుని నెడతాయి. ముందువైపు అడుగుకి అతుక్కుంటుంది, వెనకవైపు అతుకు ఊడుతుంది, కణం కాస్త జరుగుతుంది. మర్నాటికి రెండు ఒడ్లూ కలుస్తాయి. చేతికి దెబ్బ తగిలితే చర్మం మానేది చాలావరకు ఇలాంటి కదలికతోనే.

దీన్ని కణ వలస అంటాం. ఇక్కడి రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లదీ వలసే. మా పెదనాన్న కొడుకులు సూరత్ వెళ్లారు, అదీ వలసే. ఇంకా వెనక్కి వెళ్తే మా వాళ్లు మహురి రాజుల కాలంలో ఆంధ్ర తీరం నుంచి చేతిమగ్గాలతో ఇక్కడికి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు సూరత్‌లో పవర్‌లూమ్ తిప్పుతున్నారు.

బ్రౌన్ నిఘంటువు తీస్తే వలస అంటే శత్రుసేన భయంతో ఇల్లు విడిచి పోవడం. కానీ మన ఉత్తరాంధ్రలో కొత్తవలస లాంటి ఊళ్లెన్నో. అంటే విడిచిపోవడమూ వలసే, వెళ్లి కుదురుకున్న చోటూ వలసే. ఈ మాటలోనే అంత ఉంది.

పైగా ఈ మూడింటినీ కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒకే లెక్క వాడతారు. ఇంగ్లీషులో రాండమ్ వాక్ అంటారు, యాదృచ్ఛిక నడక అనుకుందాం. మూడింటినీ ఆ దారంతో గుచ్చి చెప్పొచ్చా? తప్పవుతుందా?

ఛత్రపురం మాస్టారు
ఆదివారం, రాత్రి 10:05

గౌరమ్మా, మంచి పని తలపెట్టావు. ఆ లెక్కకి మన తెలుగునేలతో చుట్టరికం ఉంది, అది చెప్పకుండా ప్రసంగం మొదలుపెట్టకు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన్ని పట్టుకున్న ప్రశ్న వేరు. ఒక ఊళ్లో నీటిగుంటలన్నీ పూడ్చేశాం, దోమ పుట్టే చోటే లేదు. కానీ చుట్టుపక్కల నుంచి దోమలు వస్తాయి కదా? ఎంత దూరం నుంచి, ఎన్ని? దోమ ఒకసారి ఇటు, ఒకసారి అటు, ఎటుపడితే అటు ఎగురుతుంది అనుకుంటే, కొన్నాళ్లకి పుట్టినచోటికి ఎంత దూరంలో ఉంటుంది? 1904లో అమెరికాలో సెయింట్ లూయీ సభలో దీని మీదే మాట్లాడాడు. లెక్క పూర్తిగా తేల్చడానికి గణాంక శాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్‌ని అడిగాడు.

పియర్సన్ 1905లో నేచర్ పత్రికకి ఉత్తరం రాసి, ఈ లెక్క ఎవరికైనా తెలుసా అని అడిగాడు. రాండమ్ వాక్ అన్న పేరు ఆ ఉత్తరంతోనే వచ్చింది. ధ్వని తరంగాల విషయంలో ఇలాంటి లెక్కే ఎప్పుడో చేశానని భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రాలీ జవాబిచ్చాడు. అప్పుడు పియర్సన్ అన్నమాట నేను క్లాసులో ముప్ఫై ఏళ్లు చెప్పాను: బయలు ప్రదేశంలో తాగి తూలుతూ నడిచేవాడిని వెతకాలంటే, వాడు బయల్దేరిన చోటికి దగ్గర్లోనే చూడండి.

పిల్లలకి ఇలా చెప్పు. ఒకే దిక్కుకి వంద అడుగులు వేస్తే వంద అడుగుల దూరం పోతావు. ప్రతి అడుగుకీ దిక్కు మారుస్తూ పోతే సగటున పది అడుగుల దూరంలోనే తేలుతావు. వందకి వర్గమూలం పది. కణానికైనా దోమకైనా ఇదే.

సూరత్_మగ్గం
ఆదివారం, రాత్రి 11:48

మాస్టారికి దండాలు. నాది ఛత్రపురం పక్క పల్లి. సూరత్‌లో పవర్‌లూమ్ మీద ఉన్నాను, పదకొండేళ్లయిపోనాది. రాత్రి పాళీకి పోయేముందు ఇది సదివినాను.

ఈ లెక్క నాకు ఎక్కలేదు. నాను ఎటుపడితే అటు రాలేదు. మా మేనమావ ముందొచ్చినాడు. ఆయన గదిలో నాకు చోటు, ఆయన కార్ఖానాలోనే నాకు పని. రైలెక్కీసరికే ఎక్కడ పడుకోవాలో, ఎవరి మెస్‌లో అన్నం తినాలో తెల్సు. మా గదిలో పగటి పాళీవోలు లేసి ఎల్తే రాత్రి పాళీవోలు అదే సాప మీద నడుం వాల్తారు. పన్నెండు గంటల పాళీ. పండక్కి ఇంటికి ఎల్లి మళ్లీ ఇక్కడికే వస్తాను, ఇంకో ఊరికి ఎల్లను.

దోమకి మేనమావ ఉండడు గదా. సెల్లెమ్మా, మా గురించి సెప్పీటప్పుడు ఆ మావని కూడా సెప్పండి.

మహేంద్రతనయ
సోమవారం, ఉదయం 6:30

పర్లాకిమిడి నుంచి. నేను ఆర్థికశాస్త్రం చెబుతాను. సూరత్ తమ్ముడు అన్న ఆ "మేనమావ" మీద మా వాళ్లు నూరేళ్లకి పైగా రాస్తూనే ఉన్నారు.

1885లో రావెన్‌స్టీన్ అనే ఆయన బ్రిటన్ జనాభా లెక్కలు ముందేసుకుని వలసకి కొన్ని నియమాలు రాశాడు. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారు. ఒక దిక్కుకి జనం పారితే, దానికి ఎదురుగా వెనక్కి వచ్చే పాయ కూడా ఉంటుంది. దగ్గరి దూరాల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ కదులుతారు. ఈ చివరిది విని నా విద్యార్థులు నమ్మరు. మన 2011 జనగణన చూపిస్తాను. సుమారు 45 కోట్లమంది పుట్టినచోటో అంతకుముందున్నచోటో కాక ఇంకోచోట ఉన్నారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, కారణం పెళ్లి. మన ఇళ్లలో వలస వెళ్లినవాళ్లెవరు అని అడిగితే సూరత్ వెళ్లిన అన్నని చూపిస్తాం. పొరుగూరి నుంచి వచ్చిన వదినని చూపించం.

గౌరీ, నీ ఆలోచనలో నాకు ఒక అభ్యంతరం ఉంది, గట్టిగానే చెబుతాను. కణ వలస అనగానే వినేవాళ్లకి గుర్తొచ్చేది కేన్సర్. ఒక చోట పుట్టిన కణితి ఇంకోచోటికి పాకడం. నువ్వు అదే గంటలో సూరత్ వెళ్లిన మనవాళ్ల గురించీ చెబితే, ఇంటికెళ్లేసరికి ఆ రెండూ జనం మనసులో కలిసిపోతాయి. వలస వచ్చినవాళ్లని చీడ, పుండు, అంటువ్యాధి అని పిలవడం కొత్తేమీ కాదు. 2020లో కరోనా లాక్‌డౌన్‌కి సూరత్ నుంచి తిరిగొచ్చిన మన గంజాం జిల్లా పిల్లల్ని సొంత ఊళ్లోవాళ్లే ఎలా చూశారో నేను చూశాను. ఊరి బడిలో ఉంచారు, చుట్టాలు గేటు దాకా వచ్చి అన్నం గిన్నె నేల మీద పెట్టి వెనక్కి జరిగేవారు. ఆ చూపు మళ్లీ ఒక శాస్త్ర ప్రసంగం నుంచి రాకూడదు.

గోపాల్‌పూర్_గాలి
సోమవారం, ఉదయం 8:10

మా తాతగారు గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్లారు. బర్మావాళ్లు మనవాళ్లని కోరంగీలు అనేవారట, కోరంగి రేవు పేరు మీద. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమందితో పాటు కొండలూ అడవులూ నడిచి వెనక్కి వచ్చారు. బ్రౌన్ చెప్పిన అర్థం, శత్రుసేన భయం, అక్షరాలా అదే. ఆయన తెచ్చుకున్నది ఒక లక్క డబ్బా మాత్రమే, ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

తేలుకుంచి_చెట్టు
సోమవారం, మధ్యాహ్నం 1:20

సరిహద్దుకి ఇవతల ఇచ్ఛాపురం వైపు నుంచి. పక్షుల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను.

గౌరిగారూ, మీరు పక్షుల గురించి చెబితే "సైబీరియా పక్షులు" అన్న మాట దయచేసి వాడకండి. మా తేలుకుంచిలో చింతచెట్ల మీద గూళ్లు పెట్టేది ఓపెన్‌బిల్ కొంగ. నత్తలు తిని బతుకుతుంది. తొలకరికి వస్తుంది, పిల్లలు ఎగిరేక పోతుంది. ఆ కొంగలు వస్తే వానలు బాగుంటాయని మావాళ్ల నమ్మకం, వాటి మీద రాయి కూడా వెయ్యరు. తేలినీలాపురంలో ఉండేవి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. పత్రికల్లో ఏటా "సైబీరియా అతిథులు" అని రాస్తారు. ఆ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి, సైబీరియాలో గూడే కట్టదు. ఇక్కడే పుడుతుంది, నీళ్లనీ చేపల్నీ బట్టి చెరువు నుంచి చెరువుకి తిరుగుతుంది. పుట్టింది మన చింతచెట్టు మీద, మనం మాత్రం విదేశీ అంటాం.

నిజంగా మంచుదేశాల నుంచి వచ్చేవాటిని చూడాలంటే చిలికా సరస్సుకి వెళ్లండి. 1981లో రామ్‌సర్ జాబితాకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది, మన దేశం నుంచి మొదట ఎక్కిన రెండింటిలో ఒకటి. నలబాణ దీవి, మంగళాజోడి చిత్తడి. తల మీద రెండు నల్ల చారలున్న బాతు, బార్ హెడెడ్ గూస్, మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయం దాటి మన దేశానికి వస్తుంది. వాటికి పరికరాలు కట్టి చూశారు. ఒకటి 7,290 మీటర్ల ఎత్తు దాకా పోయింది. కానీ అవి ఎప్పుడూ అంత ఎత్తున ఉండవు. కొండ వాలుని పట్టుకుని ఎక్కుతాయి, దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. పల్చటి గాలిలో రెక్క కొట్టడం కష్టం కాబట్టి దిగి ఎక్కడమే వాటికి తక్కువ శ్రమ. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునే గుణం ఉంది. మీ కణాలకీ పక్షులకీ చుట్టరికం కావాలంటే ఇక్కడ కలపండి. అంత పెద్ద ప్రయాణం ఎర్ర రక్తకణంలోని ఒక ప్రొటీన్ మీద ఆధారపడి ఉంది.

పొదంపేట_కెరటం
సోమవారం, రాత్రి 7:55

రుషికుల్య పేరెత్తినారు గనక సెప్తాను. మాది పొదంపేట. నోలియాలం, సముద్రం మీద సేపల వేట మా పని, ఇంట్లో తెలుగే. మా పాత ఊరు ఇప్పుడు సముద్రంలో ఉంది. కెరటం ఏడాదికింత తినీసింది. మా సిన్నప్పుడు బడికి, సముద్రానికీ మధ్యన ఎంత ఇసకుండేదో. మమ్మల్ని లోపలికి జరిపినారు. మేం జరిగిన ఏడు కూడా తాబేళ్లు అదే ఒడ్డుకి వచ్చినాయి.

శాస్త్రం సదివినవోలు మా ఒడ్డుకి తొంబైల్లోనే వచ్చినారు. 1994లో ఇక్కడ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెడతాయని బయటి లోకానికి తెలిసింది. మాకు ముందే తెల్సు. 2025 ఫిబ్రవరిలో దగ్గిర దగ్గిర ఏడు లక్షలొచ్చినాయని లెక్క కట్టినారు. ఒక్కోటీ నూరు గుడ్లదాకా పెడతాది. ఇసకలో ఏభై రోజులు, కాస్త అటూ ఇటూ. గూడు ఏడిగా ఉంటే ఆడపిల్లలు, సల్లగా ఉంటే మొగపిల్లలు. ఇది మాకు ఆల్లు సెప్పినదే, మా పెద్దోలకి తెలీదు. ఎండలు ఇలగే పెరిగితే మొగతాబేలే దొరకదని ఒకాయన అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్దరట్టలేదు.

నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీ ముఖం దగ్గర 20 కిలోమీటర్ల దాకా వేట బందు. తాబేళ్ల కోసమే. ఆ ఏడు నెలలూ మా కుర్రోలు చెన్నై, గుజరాత్ బోట్ల మీదకి పోతారు. అంటే తాబేలు ఒడ్డుకి వచ్చీ కాలంలో మేం ఒడ్డు ఒదిలి పోతాం. మాకు తాబేలు మీద కోపం లేదు, అది దేవుడు. పుట్టిన పిల్లలు లైట్ల వైపు పోతే మా ఆడోలు బుట్టల్లో ఏసి నీల్లల్లో వదుల్తారు. కానీ ఈ సంగతి రాసినవోలు తాబేలు గురించి ఓ పుస్తకం రాస్తారు, మా గురించి ఓ పుస్తకం రాస్తారు. రెండూ ఒకే పుస్తకంలో ఉండాల. గౌరమ్మా, నువ్వయినా అలగ సెప్పు.

ఛత్రపురం మాస్టారు
సోమవారం, రాత్రి 8:30

నాయనా, నీ మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

ఒక్క విషయం కలుపుతాను. తాబేలు పుట్టిన ఒడ్డుకే తిరిగొస్తుందని అందరం చెప్పుకుంటాం. భూమి అయస్కాంత బలం ఒక్కో తీరంలో ఒక్కోలా ఉంటుంది, పుట్టినచోటి గుర్తు పిల్లకి పడుతుంది అని కెన్నెత్ లోమాన్ వంటి శాస్త్రజ్ఞులు చెప్పారు. దానికి ఆధారాలున్నాయి. కానీ 2021లో మన ఒడిశా తీరంలోని గహీర్‌మఠలో ట్యాగు వేసిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలో గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. మొత్తం దేశాన్ని చుట్టి అవతలి సముద్రానికి వెళ్లింది. ఒడ్డు మార్చుకునేవి కూడా ఉంటాయన్నమాట.

సిరోంచ_ప్రాణహిత
సోమవారం, రాత్రి 9:40

మహారాష్ట్ర చివర నుంచి, గడ్చిరోలి జిల్లా. మీ ఒడిశా నుంచే బయల్దేరిన ఏనుగుల మంద ఛత్తీస్‌గఢ్ మీదుగా 2021 అక్టోబరులో మా జిల్లాకి వచ్చింది. మా పెద్దవాళ్లెవరూ ఇక్కడ అడవి ఏనుగుని చూడలేదు. 2024 ఏప్రిల్‌లో ఒక మగ ఏనుగు ప్రాణహిత నది దాటి తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయి ఇద్దరు రైతుల్ని చంపింది. దాన్ని వలస అనాలా, ఇల్లు పోయి తిరుగుతోంది అనాలా? మాకు ఆ తేడా తెలియాలి. వలస అయితే తిరిగిపోతుంది. ఇల్లు పోయినదైతే ఇక్కడే ఉంటుంది, మేం దానితో బతకడం నేర్చుకోవాలి.

మహేంద్రతనయ
సోమవారం, రాత్రి 10:02

మా గజపతి జిల్లా లఖారి లోయ నుంచి ఒక మంద 2007లో శ్రీకాకుళం వైపు దిగింది. అప్పుడూ అందరూ "తిరిగిపోతాయి" అన్నారు. సీతంపేట, పార్వతీపురం రైతుల్ని అడగండి. మీ ప్రశ్న సరైనది. జంతుశాస్త్రంలో కూడా ఈ రెండిటికీ వేరు పేర్లున్నాయి: ఏటేటా పోయి వచ్చేది వలస, పోయి మళ్లీ రానిది చెదిరిపోవడం. మనుషుల విషయంలో మాత్రం మనం ఒక్క మాటే వాడుతున్నాం.

గౌరి_బరంపురం
సోమవారం, రాత్రి 11:30

మహేంద్రతనయ మేడమ్, మీ అభ్యంతరం నాకు బాగా తగిలింది. నా డబ్బు వచ్చేదే కేన్సర్ పరిశోధన నుంచి, అందుకే నాకు ముందు అది కనిపించలేదు.

కానీ కదిలే కణం అంటే కేన్సర్ ఒక్కటే కాదు. పిండంలో వెన్ను మీద పుట్టిన కణాలు కొన్ని బయల్దేరి ఒళ్లంతా తిరుగుతాయి. వాటిలో కొన్ని చర్మానికి రంగునిచ్చే కణాలవుతాయి, కొన్ని ముఖం ఎముకలవుతాయి, కొన్ని పేగుల్లో నరాలవుతాయి. అవి దారిలో ఆగిపోతే బిడ్డకి పేగు కదలదు. మన ముఖమే ఒక వలస వల్ల వచ్చింది.

ఇంకోటి. ఎముక మూలుగ మార్పిడి చేసేటప్పుడు మూలకణాల్ని ఎముకలోకి ఎక్కించరు. చేతి నరంలోకో, మెడ దగ్గరి నరంలోకో, రక్తం ఎక్కించినట్టు ఎక్కిస్తారు. అవి రక్తంలో తిరిగి తిరిగి మూలుగని వాటంతటవే వెతుక్కుని దిగుతాయి. మూలుగలోని కణాలు ఒక రసాయనాన్ని వదులుతాయి, వచ్చేవాటి మీద దాన్ని పట్టే గ్రాహకం ఉంటుంది. సూరత్ అన్నయ్యా, మీ మేనమావలాంటిది ఇక్కడ ఉంది! ముందే లోపలున్నవాళ్లు పిలిస్తేనే కొత్తవాళ్లు దిగుతారు.

కేన్సర్‌లో కూడా 1889లో స్టీఫెన్ పేజెట్ అనే శస్త్రవైద్యుడు 735 మంది రొమ్ము కేన్సర్ రోగుల మరణాల లెక్క తీసి, కణితి ఎక్కడపడితే అక్కడ పాకడం లేదు, కొన్ని అవయవాల్లోనే దిగుతోంది అని చూపించాడు. విత్తనం గాలికి ఎటైనా పోవచ్చు, సరైన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. రావెన్‌స్టీన్ రెండో వ్యాసం కూడా 1889లోనే. ఒకే ఏడు లండన్‌లో ఒకరు జనం లెక్కలు, ఒకరు శవాల లెక్కలు చూసి, పోయేవాళ్లని మాత్రమే కాదు, చేరేచోటునీ చూడాలి అన్నారు.

ఇక లెక్క సంగతి. మూడింటికీ ఒకే గణితం అన్నాను కదా, ఆ ధైర్యం తగ్గించే కథ ఒకటి నాకు తెలుసు, మీతో చెప్పకుండా దాచడం న్యాయం కాదు. 1996లో ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి కాలికి తడి, పొడి గుర్తించే పరికరం కట్టారు. కాలు పొడిగా ఉంటే ఎగురుతోంది, తడిస్తే నీటి మీద వాలింది అని లెక్క. చిన్న చిన్న ఎగుళ్ల మధ్య అప్పుడప్పుడు చాలా పొడవైన ఎగురు కనిపించింది. లేవీ నడక అనే గణితానికి ఇది సరిగ్గా సరిపోయిందని రాశారు. ఆ తర్వాత పదేళ్లు తేనెటీగల్లో, చేపల్లో, మనుషుల్లో, ఎక్కడ చూసినా లేవీ నడకే. 2007లో ఆ పాత లెక్కల్ని మళ్లీ తీస్తే తేలిందేమిటంటే, అతి పొడవైన ఆ ఎగుళ్లలో పక్షి ఎగరనే లేదు. గూట్లో కూర్చుని ఉంది. గూట్లో కాలు పొడిగానే ఉంటుంది కదా. ఇంట్లో ఉన్న సమయాన్ని ప్రయాణంగా రాసుకున్నారు.

2012లో ఎలుక మెదడులో పరాన్నజీవిని వెతికే టీ కణాలు (రోగాన్ని ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు) లేవీ నడక నడుస్తాయని ఇంకో బృందం చూపించింది, అది వేరే కొలత, వేరే పరికరం. 2008లో లక్షమంది సెల్‌ఫోన్ల జాడ చూసినవాళ్లు మనుషులు మళ్లీ మళ్లీ కొన్ని చోట్లకే తిరిగొస్తారని చెప్పారు. పండక్కి ఇంటికి, పండగయ్యాక సూరత్‌కి. కాబట్టి లెక్క ఒకటే అని చెప్పను. లెక్క పుట్టింది ఒకే చోట, అది ఎక్కడ పొరబడుతుందో కూడా ఒకేలా ఉంటుంది అని చెబుతాను.

మహేంద్రతనయ
మంగళవారం, ఉదయం 5:50

గూట్లో కూర్చున్న పక్షి! రాత్రంతా దాని గురించే ఆలోచించాను. ఎందుకంటే మా లెక్కల్లో దానికి తలకిందులైన తప్పు ఉంది. జనగణన "అంతకుముందు ఎక్కడుండేవారు" అని అడుగుతుంది. పొదంపేట కుర్రాడు ఏడు నెలలు గుజరాత్‌లో ఉండి వస్తే, లెక్కరోజున ఇంట్లో ఉంటే, వాడు ఎక్కడికీ కదలనివాడు. పక్షి కూర్చుంటే ఎగిరిందన్నారు. మనిషి తిరిగొస్తే కదల్లేదన్నారు. 2007-08లో జాతీయ నమూనా సర్వే ప్రత్యేకంగా నెల నుంచి ఆరు నెలల దాకా బయటికి పోయినవాళ్ల గురించి అడిగింది. ఏడు నెలలు పోయినవాడు ఆ గీతకి కూడా బయటే ఉండిపోతాడు.

లెక్కలో లేనివాడికి చట్టం అందదు. ఒడిశాలో ముందు డబ్బిచ్చి, ఆ అప్పు కింద మనుషుల్ని బయటి రాష్ట్రాలకి తోలుకుపోయే దాదన్ పద్ధతి మీద 1975లో రాష్ట్రం చట్టం చేసింది. 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. పోయేవాళ్ల పేర్లు నమోదు చెయ్యాలని అందులో ఉండేది. 2020లో ఎవరు ఎక్కడున్నారో చెప్పమంటే ఏ కాగితంలోనూ పూర్తిగా లేదు.

కణానికి అప్పు ఉండదు. తాబేలుకి గుత్తేదారు ఉండడు. గౌరీ, ఎలా కదులుతారు అన్నది మూడింటికీ కలిపి చెప్పు. ఎవరు పంపారు, ఎవరు డబ్బు మిగుల్చుకున్నారు అన్నది మనిషి దగ్గరే అడుగు.

సూరత్_మగ్గం
మంగళవారం, మధ్యాహ్నం 2:15

మేడమ్ గారూ, 2020 సంగతి మీరెత్తినారు గనక. మే నెల. పని లేదు, మెస్ మూసీసినారు. గదిలో పదకొండు మందిమి. శ్రామిక్ రైల్లో పేరొచ్చినాక పద్నాలుగు రోజులు ఊరి బడిలో ఉంచినారు. మా అమ్మ గేటు కాడ నిలబడి ఏడిసీది. ఆ బడిలోనే నాను అయిదో తరగతి సదివినాను. అక్టోబరుకి మళ్లీ సూరత్ ఎల్లిపోనాను. సేటు ఫోను సేసినాడు, మావ రమ్మన్నాడు, ఊర్లో ఏటి సెయ్యాల?

గూట్లో కూర్సున్న పక్షి కథ మా గదిలో అందరికీ సెప్పినాను. బాగా నచ్చింది.

పొదంపేట_కెరటం
మంగళవారం, సాయంత్రం 4:40

గౌరమ్మా, ఒకటి అడగాల. మా ఊర్లో బోదకాలు పరీక్షకి రాత్రి పదింటికి రక్తం తీస్తారు. పగలు ఎందుకు తియ్యరు? ఆ పురుగు కూడా వలస పోతాదా?

గౌరి_బరంపురం
మంగళవారం, సాయంత్రం 6:05

పోతుంది అన్నయ్యా, రోజూ పోతుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం ఉంటాయి. వాటి పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఉండి, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఇక్కడ దాన్ని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి కాబట్టి. పగలు తీస్తే ఉన్నా కనిపించదు. దోమ బోదకాలుని మోస్తుందని 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. మాస్టారు చెప్పిన రోనాల్డ్ రాస్‌ని దోమల దారి పట్టించింది ఈయనే. మాత్రలు పంచేటప్పుడు మీ వాళ్లని మింగమనండి, కాలు మామూలుగా ఉన్నా సరే.

నా ప్రసంగం ఇలా మార్చుకున్నాను. మొదలు పొదంపేట. ఒకే ఒడ్డు, తాబేలు వచ్చే నెలల్లో ఊరు ఖాళీ. తర్వాత రాస్, పియర్సన్. ఆ తర్వాత నా గాజు పళ్లెం, వెన్ను కణాలు, మూలుగ. కేన్సర్‌ని మనుషుల మాటకి దూరంగా, వేరే పెడతాను. ఆఖర్న ఆల్బట్రాస్, దాని పక్కనే జనగణన కాగితం. సైబీరియా మాట నా నోట రాదు. ఏనుగుల ప్రశ్నని ప్రశ్నగానే అడుగుతాను. సూరత్ అన్నయ్యా, మేనమావ మాట మీ పేరు చెప్పకుండా వాడుకోవచ్చా?

సూరత్_మగ్గం
మంగళవారం, రాత్రి 11:52

వాడుకో సెల్లెమ్మా. నాకు సెలవు దొరకదు. దొరికినా పూరీ రైల్లో టిక్కెట్ దొరకదు. మా మావ ఇప్పుడు ఊర్లోనే ఉన్నాడు, ముప్పయ్యేళ్లు సూరత్‌లో సేసి వచ్చీసినాడు. ఆయన్ని పంపుతాను. ముందు వరసలో కూకోబెట్టండి. మగ్గాల మోతకి సెవులు పోనాయి, గట్టిగా మాటాడితేనే ఇనబడతాది.

గౌరి_బరంపురం
బుధవారం, ఉదయం 6:15

ఆయన పక్కనే నిలబడి చెబుతాను. స్పీకరు పెట్టె కూడా ఆ వైపే పెట్టమన్నాను.